అల్జాస్ వైన్ రుచి చూడబోయే మేనకోడలికి

కోల్మార్,
మే నెల

అమ్మలూ,

ఆశీస్సులు. అబ్బాయికి కూడా మా దీవెనలు చెప్పు.

జూన్ మొదటి వారంలో ఇద్దరూ ఇటు వస్తున్నారని, రెండు రోజుల్లో ఎనిమిది వైనరీలు చూడాలని జాబితా వేసుకున్నారని నీ మెసేజ్‌లో చదివాను. ఆ జాబితా పక్కన పెట్టేయండి. ఒక్క ఇంటికి, అంటే వైన్ చేసే ఒక్క కుటుంబం దగ్గరికి వెళ్లండి చాలు. ఎనిమిది చోట్ల ఎనిమిది రకాలు తాగితే, ఆ తేడా ద్రాక్షదో, నేలదో, చేసినవాడి చేతిదో ఎప్పటికీ తేలదు. ఒకే ఇంట్లో, ఒకే చేతి వైన్లు వరసగా రుచి చూస్తే, మారుతున్నది ముఖ్యంగా ద్రాక్షే కాబట్టి దాని గుణం నాలుక మీద స్పష్టంగా తెలుస్తుంది. ఇన్నేళ్లు ఇక్కడి రెస్టారెంట్ వంటింట్లో నిలబడి నేర్చుకున్నది ముందు ఇదే చెప్పాలి.

ఈ పద్ధతికి ఫ్రాన్స్ మొత్తంలో మేము ఉండే ఈ అల్జాస్‌ని మించిన చోటు లేదు. బోర్డో, బుర్గోన్ లాంటి ఇతర వైన్ ప్రాంతాల సీసాల మీద ఊరి పేరో తోట పేరో ఉంటుంది, లోపల ఏ ద్రాక్షో తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ రీస్లింగ్, గెవుర్జ్‌ట్రామినర్, పినో గ్రి అని ద్రాక్ష పేరే పెద్దగా రాస్తారు. సీసా సన్నగా పొడుగ్గా ఉంటుంది. 1972 నుంచి అల్జాస్ తెల్ల వైన్‌ని ఆ సీసాలోనే, ఈ ప్రాంతంలోనే నింపాలని నిబంధన. పడమట వోజ్ కొండలు వానమబ్బుల్ని అడ్డుకుంటాయి, అందుకే మా కోల్మార్ ఫ్రాన్స్‌లో బాగా తక్కువ వాన పడే ఊళ్లలో ఒకటి. శరత్కాలంలో పగలు ఎండ, రాత్రి చలి. కాయలో తీపి నిండుతుంది, పులుపు మాత్రం చచ్చిపోదు. ఆ పులుపు సంగతే నీకు ముఖ్యంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు వెళ్లాల్సింది రిబోవిలే ఊళ్లోని ట్రింబాక్ వాళ్ల దగ్గరికి. కోల్మార్‌కి ఉత్తరంగా కాస్త దూరంలోనే ఉంటుంది. ఊరి పైన కొండ మీద మూడు పాత కోటల శిథిలాలు కనిపిస్తాయి. ఆ కుటుంబం 1626 నుంచి వైన్ చేస్తోంది. వాళ్లనే ఎందుకు ఎంచుకున్నానంటే, వాళ్లది తీపి మిగల్చని పద్ధతి. పులియబెట్టేటప్పుడు చక్కెర దాదాపు మొత్తం హరించుకుపోనిస్తారు. ఆపిల్‌లో ఉండేలాంటి పదునైన పులుపును మెత్తబరిచే రెండో పులియబెట్టడం ఒకటుంటుంది, దాన్ని జరగనివ్వరు. కాబట్టి ద్రాక్ష ఏ ముసుగూ లేకుండా కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

వెళ్లే ముందు ఫోన్ చేసి సమయం తీసుకోండి. ఇక్కడ పన్నెండు నుంచి రెండు దాకా భోజనం వేళ, ఆ వేళలో తలుపు తట్టకండి. లోపలికి అడుగుపెట్టగానే "బోఁజూర్" అనడం మర్చిపోవద్దు, అది అనకుండా ధర అడిగితే వాళ్ల ముఖం మారిపోతుంది. సెంటు పూసుకుని వెళ్లకండి, మీ గ్లాసే కాదు, పక్కవాళ్ల గ్లాసూ పాడవుతుంది. పొద్దున్న కడుపు నిండా తినే బయల్దేరండి. పుక్కిలించి ఉమ్మడానికి బల్ల మీద ఒక పాత్ర పెడతారు. అందులో ఉమ్మడం అమర్యాద కాదు, పని తెలిసినవాళ్లంతా అదే చేస్తారు. కారు నడిపేవాళ్లు తప్పకుండా ఉమ్మాలి. ఇక్కడ లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాల్ దాటకూడదు, లైసెన్స్ కొత్తదైతే 0.2 గ్రామే. అసలు బస్సెక్కి వెళ్లడమే మేలు.

ఇక రుచి చూడటం. గ్లాసులో కొంచెమే పోస్తారు. తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత తిప్పి మళ్లీ చూడండి, రెండో వాసన వేరుగా ఉంటుంది. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనిచ్చి ఉమ్మేయండి. అక్కడే ఆగి, దవడల కింద నీళ్లు ఊరుతున్నాయా లేదా చూసుకోండి. ఊరితే పులుపు ఉన్నట్టు. ఎంతసేపు ఊరితే అంత. ఈ విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ద్రాక్షలో ప్రధానంగా ఉండే పులుపు టార్టారిక్ ఆమ్లం, చింతపండులో ఉండేదీ అదే. చిన్నప్పటి నుంచి చారు, పులిహోర, చేపల పులుసు తిన్న నాలుకకు ఎంత పులుపు సరిపోయిందో, ఎక్కడ తగ్గిందో ఇట్టే తెలిసిపోతుంది. "బాదం పూల వాసన, చెకుముకిరాయి వాసన" అని పక్కవాళ్లు అంటుంటే మీకు అందలేదని కంగారుపడకండి. పులుపు ఎంత, తీపి ఎంత, వైన్ నోట్లో ఎంత చిక్కగా ఉంది, ఈ మూడూ పట్టుకోండి.

పినో బ్లాఁతో మొదలుపెట్టమని అడగండి. మెత్తని వైన్, పెద్దగా మాట్లాడదు, నోరు సిద్ధమవుతుంది. తర్వాత రీస్లింగ్. ఇక్కడ తొందరపడొద్దు. పసుపుపచ్చ లేబుల్‌తో వచ్చే వాళ్ల మామూలు రీస్లింగ్ ముందు, దాని పక్కనే క్యువే ఫ్రెడెరిక్ ఎమిల్ అనే వాళ్ల మేలు రకం రీస్లింగ్ పోయమనండి. రెండోది వైనరీ వెనకాలే వాలులో ఉన్న గైస్‌బెర్గ్, ఓస్టర్‌బెర్గ్ తోటల పండు. సున్నం, బంకమన్ను కలిసిన నేల. కొన్నేళ్లు సీసాలో ఉంచాకే బయటికి పంపుతారు. మొదటిది నిమ్మకాయ, పచ్చి ఆపిల్. రెండోదాంట్లో ఆ పులుపే వెన్నెముకలా నిటారుగా నిలబడి, చుట్టూ తేనె, నారింజ తొక్క, కొంచెం కిరోసిన్ వాసన చేరతాయి. కిరోసిన్ అంటే హడలిపోకండి, వయసు మీదపడ్డ రీస్లింగ్‌కి అది సహజం, తెలిసినవాళ్లు దానికోసమే వెతుక్కుంటారు. క్లో సాంత్ ఉన్ అని ఇంకొకటి ఉంది, ఉనావీర్ ఊళ్లో రోజాకర్ తోటలో రెండు హెక్టార్లు కూడా లేని ముక్క నుంచి వస్తుంది. 1919 నుంచి ఆ పేరుతో చేస్తున్నారు. ప్రపంచంలోని గొప్ప రీస్లింగులలో ఒకటే, కానీ ధర చాలా ఎక్కువ. ఇప్పుడే దాని వెంట పడొద్దు, ఫ్రెడెరిక్ ఎమిల్ అర్థమైతే చాలు.

ముస్కా అనే ద్రాక్ష వైన్ ఉంటే రీస్లింగ్ తర్వాత పోయించుకోండి. తాజా ద్రాక్షపండు కొరికినట్టే ఉండే వైన్ అదొక్కటే, వాసనకు తియ్యగా అనిపించినా నోట్లో తీపి ఉండదు. పినో గ్రి చిక్కన, కాస్త పొగ వాసన. చివరికి గెవుర్జ్‌ట్రామినర్. ఈ ద్రాక్ష తొక్క గులాబీ రంగులో ఉంటుంది. గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే గులాబీ, లిచ్చీ వాసన గది నిండా కొడుతుంది. ఆ రెండింటిలో ఉండే సుగంధ పదార్థాల్లో కొన్ని ఈ ద్రాక్షలోనూ నిజంగానే ఉన్నాయి. మొదటిసారి వచ్చినవాళ్లంతా దీనికే పడిపోతారు, నువ్వూ పడిపోతావు. అప్పుడు ఒక పని చెయ్యి. మళ్లీ రీస్లింగ్ ఒక గుక్క తాగి చూడు. గెవుర్జ్‌లో పులుపు ఎంత తక్కువో, ఆల్కహాల్ వేడి ఎంత ఎక్కువో అప్పుడు తెలుస్తుంది. వాసన చూసి మురిసిపోయినవాళ్లు భోజనంలో దీనితో ఇబ్బంది పడేది అందుకే.

సీసా మీద "వాందాంజ్ తార్దీవ్" అని ఉంటే, కాయను చెట్టు మీద ఇంకా పండనిచ్చి ఆలస్యంగా కోసినది. మామూలుగా తియ్యగానే ఉంటుంది, ఆఖరున చిన్న గుక్క చాలు. వేరే ఇళ్ల వైన్ కొనేటప్పుడు లేబుల్ మీద ఇంకో మాట వెతకండి. 2021 పంట నుంచి ఇక్కడ తీపి ఎంతో రాయడం తప్పనిసరి చేశారు. "సెక్" అంటే తీపి లేనిది, "దెమీ సెక్" కొంచెం, "మోయెల్యూ" తియ్యన, "దూ" బాగా తియ్యన. అంతకుముందు సీసా తెరిస్తే గానీ తెలిసేది కాదు, వంటవాళ్లం ఎంత అవస్థపడేవాళ్లమో.

తిండి దగ్గరికి వద్దాం. మీరొచ్చేసరికి తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూర ఇంకా దొరుకుతుంది, జూన్ చివరికి అయిపోతుంది. ఊళ్లో ఏ చిన్న హోటల్‌లోనైనా అది తెప్పించుకుని, పక్కన తీపి లేని ముస్కా అడగండి. ఆస్పరాగస్‌తో చాలా వైన్లు చేదెక్కుతాయి, ముస్కా ఒక్కటీ కలిసిపోతుంది. షుక్రూట్ అంటే ఉప్పులో ఊరి పులిసిన క్యాబేజీ, మీద పంది మాంసం ముక్కలు. అబ్బాయి పంది మాంసం తినడు కదా, చేపలతో చేసే షుక్రూట్ కూడా ఉంటుంది, అది చెప్పండి. దేనికైనా జోడీ రీస్లింగే, పులిసిన కూరకు అంతకన్నా పులుపున్న వైన్ కావాలి. పలచని రొట్టె మీద మీగడ, ఉల్లిపాయ వేసి కాల్చే తార్త్ ఫ్లాంబేకి పినో బ్లాఁ చాలు. బేకియోఫ్ అని ఇంకోటుంది. మాంసాన్ని తెల్ల వైన్‌లో రాత్రంతా నానబెట్టి, బంగాళాదుంపలతో మట్టిపాత్రలో పేర్చి, మూత అంచుకు పిండి మెత్తి పొయ్యిలో పెడతారు. మన దమ్ బిర్యానీకి మూత మూసినట్టే. దానికి పినో గ్రి. భోజనం చివర మున్‌స్టేర్ అనే చీజ్ తెచ్చి, పక్కన జీలకర్రలా కనిపించే షాజీరా పెడతారు. ఆ చీజ్ వాసనకు మొదట ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. గెవుర్జ్‌ట్రామినర్‌కి అసలు చోటు అదే. ఘాటు వాసనకు ఘాటు వాసన తోడై రెండూ మెత్తబడతాయి.

పారిస్‌లో మీ ఇంటి వంటతో ఏది తాగాలని కూడా అడిగావు. ప్రతి దుకాణంలోనూ కారానికి గెవుర్జ్‌ట్రామినర్ అంటారు, నేను ఒప్పుకోను. ఉత్తరాది మసాలాకూ జీడిపప్పు ముద్ద కూరలకూ అది బాగుంటుంది. మన వంటలో కారంతోపాటు పులుపూ ఉంది. చింతపండు పులుసు ముందు పులుపు తక్కువైన వైన్ నీళ్లలా చప్పబడుతుంది, పైగా ఆల్కహాల్ కారాన్ని మండిస్తుంది. చేపల పులుసుకు కొంచెం తీపి మిగిలిన దెమీ సెక్ రీస్లింగ్ పెట్టు. పులుపుకు పులుపు నిలబడుతుంది, ఆ తీపి కారాన్ని చల్లారుస్తుంది. గారెలు, వేయించిన చేప, అప్పడాలు, ఇలాంటి నూనె వంటకాలకు క్రెమాన్ దాల్జాస్, బుడగల వైన్, దాన్ని మించింది లేదు. బిర్యానీకి పినో గ్రి. గోంగూర మాంసానికి, ఆవకాయకు మాత్రం ఏదీ పెట్టకు, మజ్జిగ తాగండి. వగరున్న చిక్కటి ఎర్ర వైన్ కారంతో తాగితే నోరంతా చేదు, అది ఎంత ఖరీదైనదైనా సరే.

తెల్ల వైన్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగి పోయండి, ఎనిమిది, పది డిగ్రీల దగ్గర బాగుంటుంది. మరీ చల్లగా ఉంటే వాసన రాదు. సీసా అడుగున తెల్లని పలుకులు కనిపిస్తే పారబొయ్యకండి, టార్టారిక్ ఆమ్లపు లవణమే చలికి పలుకులు కట్టి అలా అడుక్కి చేరుతుంది, ఏ హానీ లేదు.

అంతసేపు రుచి చూపించినందుకు రెండు సీసాలైనా కొనడం ఇక్కడి మర్యాద. ఒకటి రీస్లింగ్ తీసుకో, రెండోది నీకు నచ్చింది. ఇండియా వెళ్లేటప్పుడు మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. చెక్ ఇన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.

రైలు టికెట్లు తీశాక ఏ బండో చెప్పు, మామయ్య స్టేషన్‌కి వస్తారు. మొదటి రాత్రి మా ఇంట్లోనే భోజనం. చేపల పులుసు నేను పెడతాను, రీస్లింగ్ రెండు రకాలు తెచ్చి ఉంచాను, ఏది కుదిరిందో నువ్వే చెప్పాలి.

ఇట్లు,
మీ అత్త