కోల్డ్ స్టోరేజీ పనిని బొమ్మగా గీయబోతున్న మేనకోడలికి

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మీ కోల్డ్ స్టోరేజీలోకి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేవరకు జరిగే పనినంతా కంప్యూటర్‌లో గీసి ఇమ్మన్నారని, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. ఏదీ కొనవద్దు. ఉచితంగా దొరికే డ్రా.ఐఓ నీకు చాలు. గుర్తులు మాత్రం సొంతంగా కల్పించకుండా బీపీఎంఎన్ 2.0 వాడు. ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో గీయడానికి అందరూ వాడే గుర్తుల పద్ధతి అది. 2011లో వచ్చిన ఆ పద్ధతి 2013లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది. రేపు ఏ సంస్థకు మారినా ఆ గుర్తులు అవే.

అయితే ముందు కంప్యూటర్ తెరవకు. కాగితం, పెన్సిల్ తీసుకుని కాటా దగ్గర ఒక పూట నిలబడు. యజమాని చెప్పేది పని జరగాల్సిన తీరు. జరుగుతున్న తీరు గుమస్తాకు, ముఠా మేస్త్రికి తెలుసు. నువ్వు మొదట గీయాల్సింది అదే. "బండి వచ్చాక ఏమి చేస్తారు?" అంటే అందరూ ఒకే జవాబు చెబుతారు. "కాటా పాడైతే? సరుకు తడిగా ఉంటే? సరుకు దాచినందుకు మీరిచ్చిన రసీదును, అంటే బాండును, రైతు పోగొట్టుకుంటే?" అని అడుగు. దాచిపెట్టాలని కాదు గానీ, అడగనిదే ఎవరూ ఈ సంగతులు చెప్పరు.

మీ సంస్థ మొత్తానికి ఒక పూల్, అంటే ఒక పెద్ద గడి, గీసి, అందులో గేటు, కాటా, ఆఫీసు, ఛాంబరు ఒక్కోదానికి ఒక్కో లేన్, అంటే విడి పట్టీ, ఇవ్వు. రైతు, బ్యాంకు మీ అదుపులో ఉండరు కాబట్టి వాళ్లవి వేరే పూల్స్. ఒక పూల్ లోపల పని నడిచే బాణం నిండు గీత, పూల్ నుంచి పూల్‌కి వెళ్లే సమాచారం ముక్కలు ముక్కలుగా తెగిన గీత. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువగా తడబడతారు.

సరుకు విడుదల దగ్గర తొందరపడవద్దు. రైతు టిక్కీలు తీసుకోవడానికి వచ్చాడు. దారి చీలేచోట పెట్టే డైమండ్ గుర్తు గీసి "బాండు మీద బ్యాంకు అప్పు ఉందా?" అని రాస్తావు. బాగానే ఉంది, కానీ డైమండ్ ఏ పనీ చేయదు, దారిని చీలుస్తుంది అంతే. రిజిస్టరు తీసి చూసేది ఒక మనిషి. అందుకని దానికి ముందు, ఆఫీసు లేన్‌లో "బాండు రిజిస్టరు పరిశీలించడం" అనే పెట్టె, అంటే ఒక పనిని చూపే గడి, ఉండి తీరాలి. ఆ పెట్టె ఎవరి లేన్‌లో పెట్టాలో చెప్పలేక మీ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారంటే, అప్పు తీరని సరుకు గేటు దాటే దారి నీకు దొరికినట్టే. వెంటనే యజమానికి చెప్పు.

అప్పు ఉంటే బ్యాంకు విడుదల పత్రం వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడాన్నీ గీయాలి. రెండు వలయాల లోపల కవరు ఉన్న గుర్తు అందుకే ఉంది. చాలామంది దీన్ని వదిలేసి, పని ఎందుకు ఆలస్యమవుతోందో బొమ్మలో వెతుకుతారు.

పెట్టెల పేర్లు చేసే పనిని చెప్పాలి: "తూకం వేయడం", "బాండు రాయడం". బొమ్మ ఒక పేజీ దాటితే కొంత భాగాన్ని ఉపప్రక్రియగా, అంటే విడి బొమ్మగా, విడదీయి.

గీశాక పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, నిన్న వచ్చిన ఏదైనా ఒక లాటును మేస్త్రి చేత వేలితో నడిపించు. ఆయన వేలు ఆగిన ప్రతిచోటా ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. దిద్దకముందే ఆ కాగితం పట్టుకుని ఆదివారం మన ఇంటికి రా, బ్యాంకు భాగం కలిసి చూద్దాం.

మీ మామయ్య