స్టూడియో అద్దెకు తీసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హరికథా భాగవతార్లతో ముఖాముఖి వీడియో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టబోతున్నావనీ, అందుకు హైదరాబాదులో స్టూడియో వెతుకుతున్నావనీ మీ అమ్మ చెప్పగా చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి రికార్డింగు పనిలో ఉన్నవాణ్ణి గనుక నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను.

ఫొటోలు చూసి అడ్వాన్సు పంపవద్దు. స్వయంగా వెళ్లి, తలుపు మూయించి, గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. శబ్దం అక్కడికక్కడే ఆగితే మంచిదే. ఖంగుమని మోగుతూ ఉంటే మాత్రం ఆ మోత ప్రతి మాటకూ అంటుకుంటుంది, ఎడిటింగులో పూర్తిగా పోదు. గోడలకు ఫోమ్ పలకలు కనిపించగానే నిశ్చింత పడవద్దు. ఫోమ్ గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుందే గాని, రోడ్డు మీది హారన్లనూ, పై అంతస్తులో కుర్చీ జరిపే చప్పుడునూ ఆపాలంటే బరువైన గోడలూ, సందు లేకుండా మూసుకునే తలుపులూ కావాలి. అందుకే నీవు బుక్ చేయదలచిన వేళకే వెళ్లి చూడు. ఏసీ నడుస్తుండగా ఒక నిమిషం రికార్డు చేయించి హెడ్‌ఫోన్లలో విను. నాకూ పంపితే విని చెబుతాను. లైట్ల వేడిలో పెద్దవారు గంటసేపు కూర్చోలేరు కాబట్టి, ఏసీ ఆపి రికార్డు చేద్దామంటే ఒప్పుకోవద్దు.

మాట్లాడే ప్రతి ఒక్కరికీ విడి మైకు, విడి ట్రాకు (ఎవరి గొంతు వారికి వేరుగా రికార్డయ్యేది) ఉండాలి. వీడియోతో కలిపే ఆడియో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీయించు. అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది లెవెల్, అంటే మైకు ధ్వనిని ఎంత స్థాయిలో అందుకోవాలన్న అమరిక దగ్గర. నీ అతిథులు మాట్లాడుతూ మాట్లాడుతూనే పద్యం ఎత్తుకుంటారు, చిడతలు మోగిస్తారు; మామూలు మాటకు సరిపెట్టిన మైకులో ఆ క్షణాన ధ్వని పగిలిపోతుంది. ముందుగానే ఒక పద్యం పాడించి, చిడతలు వాయింపజేసి, మీటరులో సున్నా దాటితే ధ్వని పగులుతుంది గనుక అత్యధిక స్థాయి కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టమని ఇంజనీరును అడుగు. ఇందులో మొహమాటం పనికిరాదు, ఎందుకంటే వయసు మీద పడిన కళాకారుని చేత అదే పద్యాన్ని అదే ఊపుతో మళ్లీ పాడించడం కష్టం.

అద్దె సంగతికొస్తే, లైట్లు, కెమెరాలు అమర్చే సమయం నీ గంటల్లోకి వస్తుందా, ఆపరేటరు జీతం, జీఎస్టీ కలిపి చెప్పారా, కరెంటు పోతే వృథా అయిన సమయం ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకో.

ఫైళ్లన్నీ నీవేనన్న మాట కూడా అందులోనే ఉండాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కేలో తీస్తే ఒక్కో కెమెరాకు గంటకు 45 జీబీ, మూడు కెమెరాలకు 135 జీబీ అవుతుంది. వెంట 1 టీబీ ఎస్ఎస్‌డీ తీసుకెళ్లు. కాపీకి పట్టే అరగంటనూ బుకింగులో కలుపుకో. ప్రతి కెమెరా ఫైలునూ, ప్రతి ట్రాకునూ తెరిచి చూశాకే బయటికి రా, ఇంట్లో రెండో కాపీ తయారయ్యేదాకా వాళ్ల దగ్గరున్నవి చెరపవద్దని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య