చార్టులో ముందు బొమ్మ మార్చండి మాస్టారూ

మీరు ఏడో తరగతికి చేసిన శ్రీకాకుళం గిరిజన పోరాటం చార్టు చూసి ఒక పాప ఏడ్చేసిందన్నారు కదా, ఏం చెయ్యాలని అడిగారు. పాఠం తీసెయ్యకండి, ఆ శవాల బొమ్మ తీసెయ్యండి చాలు.

కథ చావుతో మొదలెడితే పిల్లలకి భయమే మిగుల్తుంది. పోడు, సంత, అప్పు, వీటితో మొదలెట్టండి. ఒకడు షావుకారు, ఒకడు రైతు, కాసిన్ని చింతపిక్కలు పెట్టి దొంగ తూకం ఆట ఆడించండి, అప్పు ఎందుకు తీరదో వాళ్లే చెప్తారు (మా క్లాసు పిల్లలు నాకంటే బాగా చెప్పారు). ఏజెన్సీ భూములు, అంటే గిరిజన ప్రాంతాల భూములు, బయటివాళ్లకి పోకుండా 1917లోనే చట్టం వచ్చినా ఎలా పోయాయో అప్పుడు అడగండి.

1967 అక్టోబర్ 31న లేవిడి ఊళ్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు గిరిజన సంఘం సభకి వెళ్తుంటే భూస్వాముల మనుషులు చంపేశారు, ఇది దాచకుండా రెండు వాక్యాల్లో చెప్పి ఆగండి, ప్రశ్నలు రానివ్వండి. ఆ వెంటనే, ఏజెన్సీ భూములు గిరిజనేతరులకి బదిలీ కాకూడదన్న 1970 నాటి 1/70 చట్టం కార్డు పెట్టండి.

ఆఖరి పీరియడ్‌లో మాత్రం వద్దు, పిల్లలు ఆ బరువుతోనే ఇంటికెళ్తారు. షావుకార్ల ఇళ్ల పిల్లలు, పోలీసుల పిల్లలు కూడా క్లాసులో ఉంటారు, వాళ్లకేసి ఎవరూ వేలు చూపించకుండా చూసుకోండి. ఆ పాపతో విడిగా ఓసారి మాట్లాడారా?