కరకట్ట మీద సైకిల్: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నువ్వు రోడ్ సైకిల్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. ఫ్రీమాంట్‌లో ఇల్లు దొరికిందన్నప్పటికంటే ఈ మాటకే ఎక్కువ సంతోషించాను. మేము శాక్రమెంటో వచ్చేశాం గానీ, ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను తొక్కింది అలమీడా క్రీక్ ట్రైల్ మీదే. ఫోన్‌లో నువ్వడిగినవాటికి సగమే జవాబు చెప్పగలిగాను. మిగతావి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు దారి సంగతి. తూర్పున నైల్స్ దగ్గర వాగు కొండల్లోంచి బయటపడే చోట మొదలై పడమట శాన్ ఫ్రాన్సిస్కో బే (అఖాతం) దాకా 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్లు సాగుతుంది. ఊరు మునగకుండా వాగుకి రెండు వైపులా కరకట్టలు వేశారు, ఆ కట్టల మీదే దారి. దక్షిణపు కట్ట మీద తారు ఉంది, నువ్వు తొక్కాల్సింది అదే. ఉత్తరపు కట్ట కంకర దారి, గుర్రాల వాళ్లు తిరుగుతారు. సన్న టైర్లతో అటు పోవద్దు.

తూర్పు చివర నుంచి బయల్దేరితే కొంత దూరంలోనే క్వారీ లేక్స్ వస్తాయి. ఒకప్పుడు కంకర తవ్విన గుంతలవి, ఇప్పుడు చెరువులయ్యాయి. వాగు నీటిని వాటిలోకి మళ్లించి భూమిలోకి ఇంకిస్తారు, తర్వాత బావుల్లోంచి తోడుకుంటారు. మన ఇంకుడు గుంతల పనే, కాకపోతే చెరువంత పెద్దవి. చెరువుల చుట్టూ ఉన్న దారుల్లో కొన్ని కంకరవి, చూసుకుని తిరుగు. మొదటి రెండు మూడు వారాలు ఈ చెరువుల దాకా వెళ్లి వెనక్కి వస్తే చాలు. బ్రేకులు, గేర్లు చేతికి అలవాటయ్యాక పడమర వైపు పోవచ్చు.

ఈ దారి మీద కష్టమంతా గాలితోనే. ఎత్తుపల్లాలు దాదాపు లేవు, బే వైపు సన్నగా దిగుతుంది, అంతే. కానీ కట్ట మీద చెట్టు నీడ లేదు, అడ్డుగోడా లేదు. వేసవిలో మేముండే ఈ సెంట్రల్ వ్యాలీ మండిపోతుంది. ఇక్కడి వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి బే మీదుగా లోపలికి తోసుకొస్తుంది. అందుకే వసంతం నుంచి వేసవి చివరిదాకా దాదాపు రోజూ ఒకటే వరస. పొద్దున్నే ఆకు కదలదు, మధ్యాహ్నానికి పడమటి గాలి మొదలవుతుంది, సాయంత్రానికి బాగా బలపడుతుంది.

కాబట్టి వీలైతే పొద్దున్నే వెళ్లు. ఆఫీసు అయ్యాకే కుదురుతుందంటే మాత్రం ఎక్కడ మొదలుపెడుతున్నావో చూసుకో. కొత్తవాళ్లు ఎక్కువగా కారులో పడమటి చివరున్న కొయొటీ హిల్స్ పార్కుకి వెళ్లి, అక్కణ్నుంచి తూర్పుకి తొక్కడం మొదలుపెడతారు. గాలి వీపున తోస్తుంటుంది కదా, అసలు గాలే లేదనిపిస్తుంది. ఇవాళ కాళ్లలో మంచి బలం ఉందనుకుంటూ నైల్స్ దాకా పోతారు. వెనక్కి తిరిగాక తెలుస్తుంది అసలు సంగతి. ఒళ్లు అలిసిపోయి, నీళ్లు అయిపోయి, పొద్దు వాలుతుండగా మొత్తం దూరం ఎదురుగాలిలో తొక్కుకుంటూ రావాలి. ఆఖరి మైళ్లలో సైకిల్ దిగి నడిపించుకుంటూ వచ్చేవాళ్లని చాలామందిని చూశాను. నువ్వు నైల్స్ వైపు నుంచి మొదలుపెట్టు. ఓపికున్నప్పుడే ఎదురుగాలిని తొక్కేసి, ఇంటికొచ్చేటప్పుడు దాని సాయం తీసుకో. ఎంత దూరం వెళ్లాలన్నది మ్యాప్ చూసి కాకుండా ఒంట్లో ఓపిక చూసి తేల్చుకో. సగం దూరంలో తిరిగొచ్చినా నష్టమేమీ లేదు.

ఎదురుగాలిలో వేగం చూపించే మీటర్ వైపు చూడకు. గాలి నిరోధం వేగంతో సమానంగా కాదు, దాని వర్గంతో పెరుగుతుంది. రెండు మైళ్ల వేగం ఎక్కువ రాబట్టాలని తొక్కితే కాళ్లు పట్టేయడం తప్ప ఒరిగేదేమీ లేదు. తేలిక గేరు వేసుకో, నిమిషానికి 80, 85 సార్లు పెడల్ తిరిగేలా చూసుకో. చేతులు హ్యాండిల్ కింది వంపులో పెట్టి, మోచేతులు వదులుగా వంచి, కాస్త ముందుకి వంగు. భుజాలు చెవుల దాకా బిగించి తొక్కేవాళ్లకి మర్నాడు మెడ తిరగదు.

ఇక మనుషుల సంగతి. దీన్ని మాత్రం చాలా జాగ్రత్తగా చదువు. ఈస్ట్ బే పార్కుల వాళ్ల నిబంధన ప్రకారం ఈ దారుల మీద గంటకి 15 మైళ్లకి మించకూడదు. ఎవరినైనా దాటేముందు గంట కొట్టాలి, లేదా గొంతెత్తి చెప్పాలి. ఇక్కడ అందరూ 'ఆన్ యువర్ లెఫ్ట్' అని అరుస్తారు, అంటే నీ ఎడమ పక్క నుంచి దాటుతున్నాను అని. సాయంత్రాలు ఆ కట్ట మీద ఎవరు నడుస్తుంటారో నీకు తెలుసు కదా. పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మన తెలుగువాళ్లే బోలెడుమంది. జీవితమంతా ఎడమ పక్కన నడిచిన మనుషులు వాళ్లు. వెనక నుంచి 'లెఫ్ట్' అని అరుపు వినపడగానే కంగారుపడి ఎడమకే జరుగుతారు, సరిగ్గా సైకిల్‌కి అడ్డంగా. తప్పు వాళ్లది కాదు. నువ్వు చాలా దూరం నుంచే మెల్లగా గంట కొట్టు, వాళ్లు వెనక్కి చూసేదాకా ఆగు, నడిచేవాళ్ల వేగానికి తగ్గి దాటు. మనవాళ్లనిపిస్తే 'కుడి పక్కకి రండి అంకుల్' అని తెలుగులోనే చెప్పు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో మీ అమ్మమ్మ విషయంలో చూశాం. నీ వేగం కోసం ఇంకొకరి అమ్మమ్మని ఆ ప్రమాదంలో పెట్టొద్దు తల్లీ. వేగంగా తొక్కాలనిపిస్తే తెల్లారగానే సైకిళ్ల గుంపులు కొండ రోడ్ల మీదికి వెళ్తుంటాయి, కొన్నాళ్లయ్యాక వాళ్లతో వెళ్దువుగాని.

చెవుల్లో రెండు ఇయర్‌ఫోన్లూ పెట్టుకుని తొక్కడం కాలిఫోర్నియాలో చట్టానికే విరుద్ధం, ఒక చెవికి అయితే పర్వాలేదు. నన్నడిగితే అదీ వద్దు. హెల్మెట్ చట్టప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకే తప్పనిసరి. నువ్వు మాత్రం ఇంటి ముందు సందులో తిరిగినా పెట్టుకోవాల్సిందే.

కట్ట మీది దారి, అడ్డంగా వచ్చే ప్రతి పెద్ద రోడ్డు కింద నుంచి దూరి వెళ్తుంది. సిగ్నళ్లు ఉండవు, హాయిగానే ఉంటుంది. కానీ ఆ దిగుడులో మలుపు అవతల ఎవరున్నారో కనపడదు. ఎండలోంచి ఒక్కసారి నీడలోకి వెళ్తే కళ్లు సర్దుకోవడానికి క్షణం పడుతుంది. వాన పడ్డ వారమంతా అక్కడ ఒండ్రుమట్టి పేరుకుని ఉంటుంది, దాని మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. బ్రేకు దిగకముందే వేసుకో, లోపల తిన్నగా పో. గట్టి వానలప్పుడు వాగు నీళ్లే ఆ దిగుడులోకి వచ్చేస్తాయి. లోతు ఎంతుందో చూద్దామని దిగొద్దు.

టైర్లు 28 మిల్లీమీటర్లవి అన్నావు, మంచిది. నీ బరువుకి 60, 65 పీఎస్‌ఐ గాలి సరిపోతుంది, రాయిలా బిగించక్కర్లేదు. ఎండాకాలం తారు అంచుల్లో పసుపు పూల మొక్క నేలకి అంటుకుని పాకి కనపడుతుంది. మన పల్లేరే అది, అచ్చం అదే మొక్క. పొలం గట్ల మీద మన పాదాలకి చేసిన పనే ఇక్కడ టైర్లకి చేస్తుంది. ఎవరికైనా దారివ్వడానికి పక్కకి జరిగినా తారు దిగకు. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా గుడ్డతో తుడుస్తూ తడిమి చూడు. ముల్లు మొన లోపలే విరిగి ఉంటుంది, తీయకపోతే కొత్త ట్యూబు కూడా అక్కడే పోతుంది. రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లీవర్లు, చిన్న పంపు ఎప్పుడూ వెంట ఉండాలి. బయటికెళ్లేముందు ఇంట్లో ఒకసారి ట్యూబు మార్చడం నేర్చుకో.

పడమటి చివర కొయొటీ హిల్స్ చుట్టూ బేవ్యూ ట్రైల్ అని మూడున్నర మైళ్ల తారు దారి ఉంది. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. చిన్నచిన్న ఎక్కుళ్లు ఉన్నాయి, గాలి అలవాటయ్యాకే వెళ్లు. దానికి దక్షిణంగా డాన్ ఎడ్వర్డ్స్ వన్యప్రాణి శరణాలయం మొదలవుతుంది. దాదాపు 30,000 ఎకరాలు. ఒడ్డంతా ఉప్పు మళ్లు, కట్టడాలు కమ్ముకొస్తున్న రోజుల్లో అక్కడి మామూలు జనం పట్టుబట్టి పోరాడితే 1972లో చట్టం వచ్చింది. వాళ్ల తరఫున అమెరికా కాంగ్రెస్‌లో నిలబడిన సభ్యుడి పేరే 1995లో దానికి పెట్టారు. మన ఊళ్లో చెరువులు ఎలా మాయమయ్యాయో చూసినవాణ్ని, అందుకే ఆ బోర్డు చూసినప్పుడల్లా వాళ్లకి దణ్ణం పెట్టుకునేవాణ్ని.

చలికాలంలో వెళ్లు అక్కడికి. ఉత్తరాది నుంచి వలస పక్షులు దిగుతాయి. తెల్లని పెలికాన్లు గుంపుగా నీళ్ల మీద ఈదుతాయి, నేలపట్టులో నువ్వు చిన్నప్పుడు చూసిన గూడబాతుల జాతివే. ఉప్పు మళ్లు కొన్ని గులాబీ రంగులో ఉంటాయి, కారణం ఉప్పునీటిలో బతికే సూక్ష్మజీవులు. ఆగి చూడు, కానీ ఆగేటప్పుడు సైకిల్ పూర్తిగా తారు పక్కకి తియ్యి. పక్షి తినడం మానేసి మెడెత్తి నీ వైపు చూసిందంటే దగ్గరగా వచ్చేశావన్నమాట, వెనక్కి జరుగు. అంత దూరం ఎగిరొచ్చిన ప్రాణికి తిండి వేళ చెడగొట్టడం మంచిది కాదు. శరణాలయంలో అన్ని దారుల్లోకీ సైకిళ్లని రానివ్వరు, మొదట్లో ఉన్న బోర్డు చదివి వెళ్లు. క్వారీ లేక్స్ దగ్గర పెద్దబాతులు దారికి అడ్డంగా కూర్చుంటాయి. వాటి మధ్యలోంచి దూరకు, దిగి నడిపించుకుని పో.

డంబార్టన్ వంతెన దాటి ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లొచ్చా అని అడిగావు. వెళ్లొచ్చు, వంతెన మీద సైకిళ్లకి వేరే దారి ఉంది. కానీ మైలున్నర పైన పొడవు, నీళ్ల మీద పక్కగాలి సన్న సైకిల్‌ని నెట్టేస్తుంది. ముందు ఒక ఆదివారం పొద్దున గాలి లేనప్పుడు వెళ్లి రా, ఆఫీసు రోజు సంగతి తర్వాత చూద్దాం. సాయంత్రం వచ్చేటప్పుడు గాలి వెనకే ఉంటుందిలే, కానీ చలికాలం అయిదింటికే చీకటి పడుతుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు రెండూ చార్జ్ చేసుకుని ఉంచు.

జేబులో ఏదైనా తినడానికి పెట్టుకో. అత్తయ్య పల్లీ చిక్కీ పార్సిల్ చేస్తోంది. వచ్చే నెల మేమొచ్చినప్పుడు నా పెద్ద పంపు నీకు ఇచ్చేస్తాను, అప్పటిదాకా కొనకు. సీటు ఎత్తు కూడా అప్పుడు చూస్తా. ఈలోగా మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు సరిగ్గా నిటారుగా వచ్చేలా పెట్టుకో. మోకాలు ముందువైపు నొప్పిగా ఉంటే సీటు కొద్దిగా పైకి, వెనకవైపు నొప్పిగా ఉంటే కొద్దిగా కిందికి. నొప్పి ఎక్కడో ఫోన్ చేసి చెప్పు, ఓర్చుకుని తొక్కకు.

ఆశీస్సులతో,
మీ మామయ్య