హార్డ్ అన్న చోటల్లా ‘కఠినం’ రాయకు

చి. సుధకు, మామయ్య ఆశీస్సులు.

అనువాదం డెస్కులో చేరావని తెలిసి చాలా సంతోషించాను. ఇంగ్లీషులో చిన్న మాటలే ఎక్కువ టెన్షన్ పెడుతున్నాయని రాశావు. నిజమే. పెద్ద మాట వస్తే నిఘంటువు తీస్తాం, చిన్నమాట తెలిసిందే కదా అని వదిలేస్తాం. ‘హార్డ్’ సంగతే చూడు. గట్టి, కష్టమైన, కఠిన అనే మూడు అర్థాలు పట్టుకు కూర్చుంటే పని జరగదు.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఆ విశేషణం ఏ నామవాచకం పక్కన ఉందో చూసి, అక్కడ దానికి వ్యతిరేకం ఏమిటో వెతుకు. హార్డ్ క్వశ్చన్‌కు వ్యతిరేకం ఈజీ, కాబట్టి కష్టమైన ప్రశ్న. హార్డ్ కాపీకి సాఫ్ట్ కాపీ, కాబట్టి కాగితం మీది ప్రతి. హార్డ్ లిక్కర్‌కు అవతల ఉండేవి బీరు, వైను. అంటే విస్కీ, బ్రాందీ లాంటి ఘాటు మద్యం. హార్డ్ క్యాష్‌కు అవతల చెక్కు, అప్పు ఉంటాయి. దానికి మనకు ‘రొక్కం’ అని చక్కటి మాట ఉండగా ఇంకోటి ఎందుకు?

హార్డ్ వాటర్ దగ్గర కాస్త ఆగాలి. సైన్స్ పుస్తకంలో కఠిన జలం అంటే సరిపోతుంది. ఊళ్ళో బోరు గురించిన వార్తలో మాత్రం ‘సబ్బు నురగ రాని నీళ్ళు’ అని రాయి. కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, అందుకే నురగ రాదు. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునేది కూడా ఈ లవణాల వల్లే. జనం వీటిని ఉప్పునీళ్ళు అనేస్తారు కానీ, నోటికి ఉప్పగా లేని నీళ్ళు కూడా హార్డ్ వాటర్ కావచ్చు. ఆ తేడా వార్తలో పోకూడదు.

కోర్టు వార్తల్లో ‘హార్డ్ లేబర్’ వస్తుంది. 1860 నాటి శిక్షాస్మృతి 53వ సెక్షన్‌లోనూ, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 4వ సెక్షన్‌లోనూ జైలు శిక్ష రెండు రకాలు: కఠిన, సాధారణ. కఠిన కారాగారం అంటే ఖైదీ చేత కష్టమైన పని చేయించే శిక్ష. చీకటి గది, గొలుసులు అనుకునే పాఠకులు చాలామంది ఉన్నారు. వీలైతే ఒక్క వాక్యంలో వివరించు.

జంట మాటలను మాత్రం విడదీయకుండా ఒకే మాటగా నేర్చుకో. హార్డ్ ఆఫ్ హియరింగ్ అంటే వినికిడి తక్కువ. హార్డ్ అప్ అంటే డబ్బుకు కటకటగా ఉండటం. నో హార్డ్ ఫీలింగ్స్ అంటే మనసులో ఏమీ పెట్టుకోవద్దని. హార్డ్ హార్టెడ్ అంటే కరుణ లేనివాడు, కానీ హార్డ్ హెడెడ్ చాలాచోట్ల మెచ్చుకోలు: ఆవేశపడకుండా లాభనష్టాలు చూసుకుని నిర్ణయించే మనిషి. దాన్ని తలబిరుసు అంటే పొగడ్త కాస్తా తిట్టవుతుంది. అమెరికాలో మొండివాడు అనే అర్థంలోనూ వాడతారు, అందుకని ముందు వెనక వాక్యాలు చూడకుండా తేల్చకు.

అన్నిటికన్నా ప్రమాదం ‘హార్డ్లీ’తో. వర్క్స్ హార్డ్ అంటే కష్టపడి పనిచేస్తాడు, హార్డ్లీ వర్క్స్ అంటే పని చెయ్యడమే గగనం. హడావుడిలో ఆ చివరి అక్షరం కంటికి ఆనదు. మంత్రి గారి గురించి రాసే వార్తలో ఇది తారుమారైతే మర్నాడు సవరణ వేసుకోవాల్సి వస్తుంది.

హార్డ్ అండ్ ఫాస్ట్ రూల్ గురించి అడిగావు. ఇది ఓడలవాళ్ళ మాట. నేలకు తగిలి కదలకుండా ఇరుక్కుపోయిన ఓడను అలా అనేవారు. ఇక్కడ ఫాస్ట్‌కు వేగంతో సంబంధం లేదు, కదలనిది అని అర్థం. ఉతికినా వదలని రంగును ఫాస్ట్ కలర్ అంటారే, అదే ఇది. ‘సడలింపు లేని నియమం’ అని రాసుకో.

ఈ వారం నీకు చిక్కుపడిన వాక్యాలు ఇంగ్లీషుతో సహా పంపు, కూర్చుని చూస్తాను. అక్కయ్యను అడిగానని చెప్పు.

మామయ్య