దూరవిద్యలో అడిక్షన్ పీజీ చదివితే సొంతంగా సెంటర్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గాజువాక. బీఏ చదివాను. నాలుగేళ్లుగా ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. మా తమ్ముడు గంజాయికి అలవాటు పడి, మూడేళ్లు ఇంటిల్లిపాదినీ ఏడిపించి, చివరికి బయటపడ్డాడు. అందుకే ఈ పనిలోకి వచ్చాను. సరిగ్గా చదువుకుని చేయాలని ఆశ. ఇద్దరు చిన్న పిల్లలు, పైగా ఉద్యోగం. రోజూ కాలేజీకి వెళ్లలేను. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ నుంచి దూరవిద్యలో 'ఎమ్మెస్సీ అడిక్షన్ సైన్స్' చేయిస్తామన్నారు. మొత్తం 85 వేలు. పరీక్షలు తమ ఆఫీసులోనే రాయొచ్చట. పట్టా వచ్చాక సొంతంగా సెంటర్ పెట్టుకుని పేషెంట్లను చేర్చుకోవచ్చని చెప్పారు. 20 వేలు కట్టాను. మిగతాది శనివారంలోపు కట్టమంటున్నారు. మా పెద్దనాన్న కొడుకు మాత్రం విదేశీ యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో చదవమంటున్నాడు. ఏది చెల్లుతుంది? రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, శనివారం ఆ 65 వేలు కట్టకండి. మిగతా జవాబు తీరిక చూసుకుని చదవండి, ఈ ఒక్క మాట మాత్రం ఈరోజే గట్టిగా పట్టుకోండి.

ఏజెన్సీ కొండ ప్రాంతాల నుంచి దిగే గంజాయి మన కుర్రాళ్లను ఏం చేస్తోందో కోర్టు వరండాలో రోజూ చూస్తున్నదాన్ని. మాదక ద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) కేసులో కొడుక్కి బెయిలు కోసం వచ్చిన తల్లి కాగితాలు నా చేతిలో పెట్టి, 'బయటికొచ్చాక వీణ్ని ఎక్కడ చేర్పించాలి మేడమ్?' అని అడుగుతుంది. ఎక్కడికి పంపాలో చెప్పడానికి నాకే ఒక్కోసారి నోరు రాదు. ఢిల్లీ ఎయిమ్స్ వారి కేంద్రం చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. ఒక్క మద్యం వల్లే సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది అని అందులో తేలింది. కాబట్టి మీలాంటివాళ్లు చదవాలి. నేను అడ్డుపడుతున్నది మీ చదువుకు కాదు, మీకు అమ్మజూపుతున్న ఆ కాగితానికి.

దూరవిద్యలో చదివింది చెల్లదని చాలామంది అంటుంటారు. అది తప్పు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో 22వ నిబంధన ప్రకారం, గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, పీజీ రెగ్యులర్ వాటితో సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ ఈ మాటను ప్రకటన ద్వారా మళ్లీ చెప్పింది. అసలు మెలిక గుర్తింపు దగ్గర ఉంది. యూనివర్సిటీకి గుర్తింపు ఉంటే సరిపోదు. మీరు చేరే కోర్సును, మీరు చేరే సెషన్‌లో, దూరవిద్య పద్ధతిలో నడపడానికి అనుమతి ఉండాలి. ఈ మూడూ కలవకపోతే ఆ పట్టా ఉద్యోగం దగ్గర అక్కరకు రాదు. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చిన కొన్ని డీమ్డ్ యూనివర్సిటీల కేసులో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడండి. 2001–05 మధ్య చేరినవాళ్ల పట్టాలను నిలిపివేసి మళ్లీ పరీక్ష రాయమంది. ఆ తర్వాత చేరినవాళ్ల పట్టాలను రద్దే చేసింది. వాళ్లలో అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు ఉన్నారు. ఫీజు వెనక్కి ఇమ్మని కోర్టు చెప్పగలిగింది కానీ, పోయిన ఏళ్లను ఎవరు తిరిగి ఇస్తారు?

మీ విషయంలో ఇంకో అడ్డంకి ఉంది, ఇది కొత్తది. 2025 జూలై–ఆగస్టు సెషన్ నుంచి ఆరోగ్య, అనుబంధ రంగాల కోర్సులను దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ ఆదేశించింది. సైకాలజీ పేరు అందులో స్పష్టంగా ఉంది. దీనికి ఆధారం 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఆ చట్టం షెడ్యూలులో సైకాలజిస్టులు, కౌన్సిలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, మానసిక ఆరోగ్య సహాయకులు 'బిహేవియరల్ హెల్త్' అనే వర్గం కింద ఉన్నారు. వ్యసనం నుంచి మనిషిని బయటికి తెచ్చే శిక్షణ ఈ వర్గంలోకి రాదని ఏ యూనివర్సిటీ అయినా వాదిస్తే నేను నమ్మను. కోర్సు పేరు చివర 'సైన్స్' అని పెట్టినంత మాత్రాన స్వభావం మారదు.

కన్సల్టెన్సీ వాళ్ల మాట నిజమో కాదో మీరే తేల్చుకోవచ్చు. యూజీసీలో దూరవిద్యను చూసే విభాగాన్ని డెబ్ అంటారు. దాని వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి ఏ సెషన్‌లో ఏ కోర్సుకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఆ జాబితాలో మీ కోర్సు పేరు అచ్చంగా కనబడాలి. పైగా 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి విద్యార్థీ డెబ్ ఐడీ తీసుకోవాలి. అది లేకుండానే అడ్మిషన్ అయిపోయిందన్నారంటే అక్కడ అడ్మిషనే లేదని అర్థం. పరీక్షలు వాళ్ల ఆఫీసులోనే అన్న మాట దగ్గర నాకు అనుమానం ఇంకా బలపడింది. ఫ్రాంచైజీ పెట్టి దూరవిద్య నడపడాన్ని యూజీసీ నిబంధనలు ఒప్పుకోవు.

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టా చెల్లడం ఒక సంగతి, వైద్యం చేసే హక్కు ఇంకో సంగతి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ రెండింటినీ కలిపేసి మీకు అమ్మారు. రేపు ఆ పట్టా అన్ని విధాలా చెల్లిందనే అనుకుందాం. అప్పుడు కూడా దాన్ని చూపించి మీరు పేషెంట్లను చేర్చుకోలేరు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మాదక ద్రవ్యాల వాడకం వల్ల వచ్చే మానసిక పరిస్థితులు కూడా ఈ చట్టం కింద మానసిక అనారోగ్యమే. అంటే మనుషులను ఉంచుకుని చికిత్స చేసే డీఅడిక్షన్ సెంటర్ చట్టం దృష్టిలో మానసిక ఆరోగ్య సంస్థ. సెక్షన్ 65 ప్రకారం స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని నడపకూడదు. నడిపితే సెక్షన్ 107 కింద మొదటిసారి 5 వేల నుంచి 50 వేల వరకు, రెండోసారి 2 లక్షల వరకు, ఆ తర్వాత 5 లక్షల వరకు జరిమానా. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ మానసిక ఆరోగ్య నిపుణులుగా పనిచేసేవాళ్లకు కూడా 25 వేల వరకు పడుతుంది. మీరు ఇప్పుడు పనిచేస్తున్న చోట రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా? రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు చూడండి.

ఎవరు నిపుణులో కూడా ఈ చట్టమే చెప్పింది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్‌లో పీజీ, దాని మీద పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో రెండేళ్లు ఫుల్ టైమ్ ఎంఫిల్. క్లినికల్ సైకాలజిస్టుకూ దాదాపు ఇదే కొలత, దానికి తోడు రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. 'ఫుల్ టైమ్' అన్న మాట చట్టంలోనే ఉందమ్మా. దూరవిద్య పట్టా ఎంత గొప్పదైనా ఈ గడప దాటించలేదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెడితే ఆ కౌన్సిల్‌కు సంబంధించిన 1992 చట్టం సెక్షన్ 13 కింద ఏడాది వరకు జైలు పడొచ్చు.

మందుల సంగతి ఇంకా కఠినం. తాగుడు ఒక్కసారిగా మానిపించినప్పుడు కొందరికి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. నాలుగేళ్ల అనుభవంలో ఇది మీరు చూసే ఉంటారు. ఆ సమయంలో ఇచ్చే మందులు గానీ, నల్లమందు జాతి మత్తుకు ఇచ్చే బుప్రెనార్ఫిన్ గానీ రాయాల్సింది రిజిస్టర్డ్ డాక్టర్ మాత్రమే. వేరేవాళ్లు వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 34 కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

రాత్రిపూట వ్యాను పంపి, చేతులు కట్టి, తాగుబోతు భర్తను ఎత్తుకురావడం మన దగ్గర మామూలైపోయింది. ఇంట్లోవాళ్లే డబ్బిచ్చి చేయించుకుంటారు, వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ చట్టం దాన్ని ఒప్పుకోదు. మనిషి తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే సెక్షన్ 89 కింద చేర్చుకునే దారి ఉంది. అందుకు నామినేటెడ్ ప్రతినిధి, అంటే చట్టప్రకారం ఆ మనిషి తరఫున నిలబడే వ్యక్తి, దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు కావాలి. అదీ మొదట 30 రోజులే. గొలుసులతో కట్టడాన్ని సెక్షన్ 95 పూర్తిగా నిషేధించింది. సొంత సెంటర్ పెట్టాలన్న మీ కోరిక తీరే రోజు వస్తే, సైకియాట్రిస్టును ముందు కుదుర్చుకోండి, రిజిస్ట్రేషన్ తెచ్చుకోండి, ఆ తర్వాతే మంచాలు కొనండి. మంచాలు లేకుండా కౌన్సిలింగ్ గది ఒక్కటే పెట్టుకుంటే అది మానసిక ఆరోగ్య సంస్థ నిర్వచనంలోకి రాదు. అప్పుడు కూడా మీ పేరు ముందు 'డాక్టర్' అని గానీ, కింద 'సైకాలజిస్ట్' అని గానీ రాయించుకోకండి.

మీ అన్నయ్య చెప్పిన విదేశీ చదువు గురించి. అది మోసం కాదు. లండన్ కింగ్స్ కాలేజ్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్, అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీలు కలిసి అడిక్షన్ స్టడీస్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్ నడిపాయి. వ్యసనం మెదడును ఎలా మారుస్తుంది, ఏ చికిత్సకు ఎంత ఆధారం ఉంది, ప్రభుత్వాల విధానాలు ఎలా ఉండాలి అన్న విషయాలు లోతుగా చెప్పే చదువులు ఇలాంటివి. పరిశోధన సంస్థలో, స్వచ్ఛంద సంస్థలో, ప్రాజెక్టుల్లో పనిచేయాలంటే విలువ ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగానికి మాత్రం ఇక్కడ ఆ పట్టా మన పట్టాతో సమానమేనన్న సమానత్వ ధ్రువపత్రం అడుగుతారు. ఇదివరకు ఈ పని భారత విశ్వవిద్యాలయాల సంఘం చూసేది, దూరవిద్య పట్టాలకు సమానత్వం ఇచ్చేది కాదు. 2025 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి వేరే నిబంధనలు తెచ్చింది. ఫీజు కట్టకముందే కోర్సు వివరాలు జతచేసి యూజీసీకి రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ఆ జవాబు ఎలా వచ్చినా, విదేశీ పట్టాతో ఇక్కడ చికిత్స చేసే హక్కు మాత్రం రాదు.

కట్టిన 20 వేల సంగతి. యూనివర్సిటీ మీద వినియోగదారుల కేసు నిలబెట్టడం కష్టం. విద్యార్థి వినియోగదారు కాడని సుప్రీంకోర్టు 2010లో అంది, జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో అదే దారిలో తీర్పు ఇచ్చింది. అయితే గుర్తింపు ఉందని అబద్ధం చెప్పి విద్యార్థులను చేర్చుకున్న ఒక డెంటల్ కాలేజీతో 2009లో అదే సుప్రీంకోర్టు పరిహారం కట్టించింది. పైగా మీ పోరు యూనివర్సిటీతో కాదు. డబ్బు తీసుకుని, అబద్ధం చెప్పి, సేవ అమ్మిన కన్సల్టెన్సీతో. వాళ్లు సేవ అమ్మేవాళ్లే కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాళ్లకు వర్తిస్తుంది. మీరు ఉండే చోటే, అంటే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా ఒక్కోసారి డబ్బు కదులుతుంది. వాళ్లు మొదటి నుంచీ తెలిసే మోసం చేశారని కాగితాలు చెబితే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఫోన్‌పే రసీదు, వాట్సాప్ సందేశాలు, వాళ్లిచ్చిన పాంప్లెట్ దేన్నీ పారేయకండి, డిలీట్ చేయకండి. ఆ ఫోన్ కూడా అప్పుడే మార్చకండి.

మరి చదువు ఎలా అంటారా? మీ పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆంధ్రా యూనివర్సిటీలో రెగ్యులర్ ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) గానీ సైకాలజీ గానీ చేయడం గురించి ఇంట్లో మాట్లాడండి. దానికి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. గాజువాక నుంచి రోజూ తిరగడం కష్టమే, కాదనను. కానీ చట్టం అడిగే మెట్లలో మొదటిది అదే. ఈలోగా బెంగళూరు నిమ్‌హాన్స్ ఆన్‌లైన్‌లో ఇచ్చే శిక్షణలు, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ కౌన్సిలర్ల కోసం నడిపే శిక్షణలు చూడండి. వాటితో లైసెన్సు రాదు, మీరు రోజూ చేసే పని మాత్రం మెరుగవుతుంది. మీ చేతికి మించిన కేసు వచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపండి.

శనివారం వాళ్లు ఫోన్ చేస్తే గొడవ పడొద్దు. 'ఈ సెషన్‌కు ఈ కోర్సుకు ఉన్న డెబ్ అనుమతి కాపీ, నా డెబ్ ఐడీతో అడ్మిషన్ అయిన కాగితం పంపండి, చూశాక కడతాను' అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. సోమవారం దాకా రాకపోతే కట్టిన డబ్బు 15 రోజుల్లో వాపసు ఇవ్వమని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అది వాళ్లకు అందినట్టు రుజువు వచ్చాక దాన్ని రసీదులతో కలిపి ఒకే ఫైలులో పెట్టండి.

– అడ్వకేట్, విశాఖపట్నం