కామ్‌షిఫ్ట్ పెట్టె తెరంతా పాకిపోతుంటే

కామ్‌షిఫ్ట్ అంటే వీడియోలో ఒక వస్తువును దాని రంగును బట్టి వెంబడిస్తూ చుట్టూ పెట్టె గీసే పద్ధతి. దానితో ఎర్ర బంతిని వెంబడిస్తుంటే పెట్టె తెరంతా పాకుతోందని మీ కోడు చూపి అడిగారు. బంతి తెల్లగోడ ముందుకు రాగానే పెట్టె ఉబ్బిపోవడానికి కారణం గోడే, కెమెరా కాదు. తెలుపు, బూడిద, నలుపు పిక్సెళ్లకు నిజమైన రంగంటూ ఉండదు. కాబట్టి కొద్దిపాటి నాయిస్‌కే (కెమెరా చిత్రంలో వచ్చే చిన్న తేడాలకే) వాటి హ్యూ విలువ, అంటే అది ఏ రంగో చెప్పే సంఖ్య, ఓపెన్‌సీవీ లైబ్రరీలో 0 నుంచి 179 దాకా ఎక్కడికైనా గెంతుతుంది. కొన్ని ఎరుపులో పడతాయి. 1998లో గ్యారీ బ్రాడ్‌స్కీ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, పెట్టె లోపలి పిక్సెళ్లు బంతి రంగువి అయ్యే సంభావ్యతల మొత్తాన్ని బట్టే తర్వాతి పెట్టె పరిమాణం తేలుతుంది. గోడ ఒక్కసారి లోపలికి చేరిందా, ఇక ఆగదు.

1. ప్రతి ఫ్రేమును హెచ్‌ఎస్‌వీలోకి (హ్యూ, సాచురేషన్ అంటే రంగు గాఢత, వాల్యూ అంటే వెలుగు) మార్చాక మాస్క్ కట్టండి, అంటే ఏ పిక్సెళ్లను లెక్కలోకి తీసుకోవాలో చెప్పే నలుపు-తెలుపు చిత్రం: సాచురేషన్ కనీసం 60, వాల్యూ కనీసం 32. హ్యూకు పరిమితి వద్దు.

2. బంతి హిస్టోగ్రామ్‌ను (బంతిలో ఏ హ్యూ ఎంతుందో చెప్పే పట్టికను) ఆ మాస్క్‌తోనే లెక్కించండి. ఇది మీరు ఇప్పటికే చేశారు.

3. చాలామంది వదిలేసేది ఇదే. బ్యాక్ ప్రొజెక్షన్ (ప్రతి పిక్సెల్ బంతి రంగుకు ఎంత దగ్గరో చూపే చిత్రం) వచ్చాక, కామ్‌షిఫ్ట్‌కు ఇచ్చే ముందు, దాన్ని ఆ ఫ్రేము మాస్క్‌తో బిట్‌వైజ్ అండ్ చేయాలి, అంటే మాస్క్ వద్దన్న పిక్సెళ్లను సున్నా చేయాలి. మీ కోడులో మాస్క్ మొదటి ఫ్రేముతోనే ఆగిపోయింది. పాత మాస్క్ పనికిరాదు, ఏ ఫ్రేముకు ఆ ఫ్రేముదే కావాలి.

4. బ్యాక్ ప్రొజెక్షన్‌ను విడిగా ఒక విండోలో చూడండి. గోడ నల్లగా, బంతి ఒక్కటే తెల్లని మచ్చగా కనబడాలి. గోడ ఇంకా మెరుస్తుంటే సాచురేషన్ హద్దును కొంచెం కొంచెంగా పెంచండి.

5. కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులను దానంతటదే సర్దే సదుపాయం) ఆపేయండి. లేదంటే బంతి రంగే మధ్యలో మారిపోతుంది.